పుట్టినరోజు ఫోన్లు చేసే ఇవాంజెలిన్

పొద్దున పదింటికి చర్చి ఆఫీసు తాళం తీయగానే ఇవాంజెలిన్ ముందు ఫ్యాను వేస్తుంది. తర్వాత ఆ రోజు పుట్టినవాళ్ళకు ఫోన్లు చేస్తుంది. మిగతా పనులన్నీ ఆ తర్వాతే. కరెంటు బిల్లయినా, పెళ్ళి సర్టిఫికెట్ కోసం గుమ్మంలో నిలబడ్డ మనిషయినా కాసేపు ఆగాల్సిందే.

కృపాలయం చర్చి అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందుల్లో ఉంది. గేటుకు అటూ ఇటూ కోచింగ్ సెంటర్ల బోర్డులు వేలాడుతుంటాయి. ఊళ్ళ నుంచి కొత్తగా దిగిన పిల్లలు ఇదీ ఏదో కోర్సు చెప్పే చోటే అనుకుని లోపలికొచ్చి ఫీజెంత అని అడుగుతుంటారు. ఇవాంజెలిన్ విసుక్కోదు. ఆమె కూడా పాతికేళ్ళకు పైగా అయింది, ఈ సందుల్లోనే టైపింగూ, తర్వాత కంప్యూటరూ నేర్చుకుంది. నేర్చుకున్నది పదడుగుల దూరంలోనే ఉద్యోగమైంది. అప్పటి నుంచి ఆ కుర్చీలోనే ఉంది. ఇప్పుడామెకు యాభై రెండేళ్ళు.

ఫోను సంగతి చెప్పాలి. సభ్యుల పుట్టినరోజున ఆఫీసు నుంచి ఫోను వెళ్ళడం కృపాలయంలో ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. "వందనాలండి, ఆఫీసు నుంచి ఇవాంజెలిన్‌ను" అని మొదలుపెట్టి, పేరు పెట్టి శుభాకాంక్షలు చెప్పి, కీర్తనల్లోంచి ఒక వాక్యం చదువుతుంది. రిసీవరు పాస్టరు జాన్‌బాబు గారికి అందిస్తుంది. ఆయన ప్రార్థన చేస్తారు. ఆయన లేని రోజు ఆమే చేస్తుంది. ముసలివాళ్ళు ఆ ఫోను వచ్చేదాకా స్నానానికి కూడా లేవరు. ఒకసారి లైను చెడిపోయి రెండు రోజులు ఫోన్లు వెళ్ళకపోతే, ఆర్టీసీలో చేసి రిటైరైన ఒకాయన కర్ర పట్టుకుని ఆఫీసుకే వచ్చి, "నేను పోయిన్నని ఎవరన్న చెప్పిండ్రా?" అని అడిగాడు.

ఏడాదికి వెళ్ళే అన్ని ఫోన్లలో ఒక్కటి మాత్రం ఇవాంజెలిన్‌ది. అది ఎవరికీ తెలియదు. నవంబరు ఇరవై నాలుగున మార్క్‌కు చేసే ఫోను.

మార్క్ పంజాగుట్టలో ఒక డయాగ్నొస్టిక్ సెంటర్లో ఎక్స్‌రే టెక్నీషియను. ఇల్లు కూకట్‌పల్లి దాటి అటుగా. ఆదివారం ఇంటి దగ్గర చర్చికి వెళ్తాడు. సభ్యత్వం మాత్రం కృపాలయంలోనే ఉంచుకున్నాడు, తల్లినీ భార్యనీ ఈ చర్చి సమాధుల తోటలోనే పెట్టారు కనుక. కాబట్టి మనిషి కనపడేది క్రిస్మస్‌కో, ఈస్టరుకో, అదీ మెట్ల మీద, జనంలో. తీరిగ్గా మాట వినపడేది ఆ ఒక్క ఫోనులోనే.

"బాగున్నరా మార్క్ గారు?"

"బాగున్న. మీరు?"

"దేవుని దయ. అమ్మాయి బాగుందా?"

"బాగుంది. మెదక్‌లనే ఉంది. సరే మరి, వందనాలు."

అంతే. పాస్టరు గారి ప్రార్థన కలుపుకున్నా రెండు నిమిషాలు దాటదు. ఆ రెండు నిమిషాల కోసం ఆమె దసరా సెలవులు అయినప్పటి నుంచి క్యాలెండరు చూస్తుండేది. ఏ వాక్యం చదవాలో ముందే వెతికిపెట్టుకునేది. ఫోను పెట్టేశాక అతని గొంతులో జలుబుందా, అలసట ఉందా అని వారం రోజులు గుర్తు తెచ్చుకునేది. అటువైపు ఎప్పుడూ ఏదో సందడి వినపడేది, ఎవరో ఎవరినో పిలుస్తుండేవారు. తొందరగా పెట్టేయాలని ఉందేమో అనుకునేది.

వాళ్ళిద్దరూ ఒకప్పుడు చర్చి పాటల బృందం క్వయర్‌లో పాడేవారు. ఆమెది ఆడవాళ్ళలో కింది గొంతు ఆల్టో, అతనిది మగవాళ్ళలో పై గొంతు టెనర్. శనివారం ప్రాక్టీసు అయ్యాక యూసుఫ్‌గూడ దాకా నడిచి వెళ్ళేవాళ్ళు. అతని ఇల్లూ అప్పుడు అక్కడే. పెళ్ళి మాట పెద్దవాళ్ళ దాకా వచ్చింది. అంతలో ఇవాంజెలిన్ తండ్రి పోయాడు. వెనక ఇద్దరు తమ్ముళ్ళు, చదువులు. రెండేళ్ళు ఆగమంది. మార్క్ తల్లి చిలకమ్మ ఒక ఏడాది ఆగింది, ఇంకొంచెం కూడా ఆగింది. ఆ తర్వాత జహీరాబాద్‌లో ఒక నర్సు సంబంధం ఖాయం చేసింది. మార్క్ ఏమీ అనలేదు. ఇవాంజెలిన్ కూడా ఏమీ అనలేదు. వరసగా మూడు ఆదివారాలు చర్చిలో వివాహ ప్రకటన చదివారు, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమని. ఆ ప్రకటన టైపు చేసింది ఇవాంజెలినే. ఆఫీసులో టైపు చేసేది ఆమె ఒక్కతే మరి.

చిలకమ్మ చెడ్డ మనిషేమీ కాదు. కుటుంబ వివరాలు రాయించడానికి ఆఫీసుకొచ్చిన రోజున ఇవాంజెలిన్ ఎదుట కూర్చుని చీర చెంగుతో మొహం తుడుచుకుంటూ, "స్కూల్ల సారు జూన్ ఒకటి అని ఏసిండు. గాయన అందరికీ గదే ఏస్తుండె. వీడు పుట్టింది నవంబరు ఇరవై నాలుగున. చర్చిల కోత పండుగ వేలంపాటల గుమ్మడికాయ పాడి, నెత్తిన పెట్టుకొని ఇంటికి పోయిన. తెల్లారక ముందే పుట్టిండు. నువ్వు నవంబరే రాయి బిడ్డా" అంది. ఇవాంజెలిన్ నవంబరే రాసింది. బడిలో, బ్యాంకులో, ఆధార్‌లో, ఉద్యోగంలో అతను జూన్‌లో పుట్టాడు. తల్లి దగ్గరా, చర్చి ఆఫీసులోనూ మాత్రమే నవంబరులో పుట్టాడు. తల్లి పోయింది. కరోనా వచ్చిన రెండో ఏడు భార్య పోయింది. ఇవాంజెలిన్ పెళ్ళి చేసుకోలేదు. తమ్ముళ్ళు స్థిరపడి ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళాక, చిన్నమ్మ మగ్దలీనమ్మతో కలిసి యూసుఫ్‌గూడలో రెండు గదుల ఇంట్లో ఉంటోంది.

ఇలా జరిగిపోతున్న రోజుల్లో మధురానగర్ నుంచి ఫేబీ అనే సభ్యురాలు వచ్చింది.

ఫేబీ భర్త జనవరిలో పోయాడు. జూన్‌లో ఒక మధ్యాహ్నం ఆమె ఆఫీసులోకి వచ్చి, చర్చి డైరెక్టరీని బల్ల మీద పడేసింది. సభ్యుల పేర్లు, ఫోన్లు, పుట్టినరోజులు, పెళ్ళిరోజులు వేసి ఏటా క్రిస్మస్‌కు ఇంటింటికీ పంచే పుస్తకం అది.

"ఈ బుక్కు ఎవ్వరెవ్వరికి ఇచ్చిండ్రక్కా?"

"మనోళ్ళకే ఫేబీ. ఏమాయె?"

"మనోళ్ళకే ఇస్తే ప్లాట్లు అమ్మేటోళ్ళ చేతికి ఎట్ల పోయింది? రోజుకు రెండుమార్లు ఫోను. 'సార్ ఉన్నరా మేడం, సార్‌కు ఒక ఆఫర్ ఉంది' అంటరు. లేడని చెప్తే, 'ఎప్పుడొస్తరు' అని అడుగుతరు. నిన్న ఒకడు 'మీ పెళ్ళిరోజు దగ్గరకొస్తుంది గద మేడం, సార్‌ను సర్‌ప్రైజ్ చేయండి' అన్నడు. నేను ఏం జెప్పాలె వానికి? చెప్పు, ఏం జెప్పాలె?"

ఇవాంజెలిన్ లేచి ఆమె పక్కకు వచ్చి నిలబడింది. మంచినీళ్ళిచ్చింది. ఫేబీ తాగలేదు. గ్లాసు పట్టుకుని అలాగే కూర్చుంది.

ఆ వారమే చర్చి కమిటీ కూర్చుంది. కమిటీలో అందరికంటే చిన్నవాడు నోయెల్, హైకోర్టులో ప్రాక్టీసు చేసే లాయరు. వ్యక్తుల వివరాల గురించి కేంద్రం చట్టం తెచ్చిందనీ, అందరూ దాని ప్రకారం సర్దుకోవడానికి గడువు నడుస్తోందనీ, చర్చి గడువు చివరిదాకా కూర్చోవడం ఎందుకనీ చెప్పాడు.

పాస్టరు జాన్‌బాబు గారిది గుంటూరు. ఆయన కళ్ళజోడు తీసి, "ఏంటి నోయెల్, దేవుడి మందిరానికి కూడా చట్టమేంటయ్యా? మన బిడ్డలకి మనం ప్రార్థన చేయడానికి సంతకాలు పెట్టించుకోవాలా?" అన్నారు.

"ప్రార్థనకు అక్కర్లే పాస్టరు గారు. ప్రార్థన మీరు మనసుల చేసుకోవచ్చు. మైకుల 'ఫలానా చెల్లెమ్మకు గర్భసంచి ఆపరేషన్' అని చదవాలంటే ఆ చెల్లెమ్మను అడగాలె."

జాన్‌బాబు గారు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. పోయిన నెలే ఆయన అలా చదివారు.

ఫారం తయారైంది. నోయెల్ దాన్ని తెలుగులో రాయించాడు, అందరికీ అర్థమయ్యేలా. మీ వివరాల్లో ఏవి ఉంచాలి, దేనికి వాడాలి. పేరు చర్చి పత్రికలో వేయవచ్చా. జబ్బు గురించి చదవవచ్చా. ఫోటో వాట్సాప్ గ్రూపులో పెట్టవచ్చా. పుట్టినరోజుకు ఆఫీసు నుంచి ఫోను చేయవచ్చా. ఒక్కోదానికీ ఒక గడి. ఒప్పుకుంటే టిక్కు, లేకపోతే ఖాళీ. పుట్టిన తేదీ ఆధార్‌లో ఉన్నట్టు రాయాలి. అక్టోబరు ఆఖరులోగా ఇవ్వాలి. వచ్చిన ఫారాల ప్రకారం కంప్యూటరులో మార్చి, అక్కరలేని పాతవి నవంబరు ఆఖరుకల్లా తీసేయాలి. చట్టం అడిగినదానికంటే ఇది కాస్త ఎక్కువే అని నోయెల్ తనే ఒప్పుకున్నాడు. "ఫేబీ ఆంటీని చూసినంక ఎక్కువున్నా పర్వాలే అనిపించింది" అన్నాడు.

ఆఫీసులో పనిచేసేవాళ్ళకు కూడా ఒక కాగితం ఇచ్చాడు. ఆఫీసు అంటే ఇవాంజెలినే.

"అక్కా, మన దగ్గరున్న నంబర్లు చర్చి పనికే. సొంత సెల్లుల ఎక్కించుకోవద్దు. ఎవరన్న తీసేయమన్నరంటే కంప్యూటర్లనే కాదు, చీటీల సుత ఉండొద్దు. చదువుకొని సంతకం పెట్టు."

"నాకు సొంత పని ఏముంటది నోయెల్?" అని ఆమె సంతకం పెట్టింది.

ఆగస్టు నుంచి ఫారాలు రావడం మొదలైంది. కొన్నాళ్ళు ఆఫీసు నవ్వులతో గడిచింది. ఒకావిడ షుగరు గురించి చదవొద్దు, మోకాలి గురించి చదవొచ్చు అని రాసింది. ఒకాయన పెళ్ళిరోజు చదవాలని టిక్కు పెట్టాడు. అదే ఇంటి నుంచి ఆయన భార్య చదవొద్దని రాసి పంపింది. కర్ర పట్టుకుని వచ్చే ఆర్టీసీ ఆయన అన్ని గడుల్లోనూ టిక్కులు పెట్టి, కింద ఖాళీ జాగాలో, "ఎన్నిమార్లైనా చేయవచ్చును" అని రాశాడు. ఇంకో విచిత్రం కూడా బయటపడింది. ఒక వయసు దాటినవాళ్ళంతా జూన్‌లోనో జులైలోనో పుట్టినట్టు తేలారు. నోయెల్ ఫారాలు తిరగేసి, "గిదేందక్కా, మన చర్చిల చలికాలం ఎవ్వరూ పుట్టలేదా?" అన్నాడు.

ఇవాంజెలిన్ నవ్వింది. నవ్వుతూనే ఆ కట్టలో మార్క్ ఫారం కోసం వెతికింది. రాలేదు.

సెప్టెంబరంతా రాలేదు. గుర్తుచేయడానికి ఫోను చేయవచ్చా అని నోయెల్‌ను అడిగింది, ఎవరి పేరూ చెప్పకుండా. ఆదివారం ప్రకటన చాలు, ఒక్కొక్కరి వెంట పడొద్దన్నాడు. అక్టోబరు మూడో వారంలో పోస్టులో వచ్చింది. కవరు మీద చేతిరాత చూసి ఆమె వెంటనే చింపలేదు. ముందు ఎదురుగా ఉన్న మనిషికి బాప్తిస్మం సర్టిఫికెట్ ప్రింటు తీసి ఇచ్చి, అతను మెట్లు దిగేదాకా ఆగి, అప్పుడు చింపింది.

పుట్టిన తేదీ: జూన్ ఒకటి. ఫోను నంబరు: గీత. పేరు పత్రికలో వేయవచ్చు, టిక్కు. ఫోటో, ఖాళీ. పుట్టినరోజుకు ఆఫీసు నుంచి ఫోను, ఖాళీ. కింద సంతకం.

రెండోసారి చూసింది. టిక్కు పెట్టబోయి మరిచిపోయాడేమో అనుకుందామంటే, నంబరు రాయాల్సిన చోట గీత తిన్నగా, స్కేలు పెట్టి గీసినట్టు ఉంది. ఎక్స్‌రే మీద కొలతలు గీసే చెయ్యి.

ఆ రాత్రి భోజనం దగ్గర మగ్దలీనమ్మ ఆమె మొహం చూసింది. చిన్నమ్మకు డెబ్బై ఎనిమిది. గాంధీ ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైంది, మాట ఇంకా వార్డులో ఉన్నట్టే ఉంటుంది.

"ఏందే, పప్పుల ఉప్పు లేదా?"

"ఉంది."

"మరి గట్ల పెట్టినవ్ మొహం? ఎవడేమన్నడు?"

"ఎవ్వరేమనలే చిన్నమ్మా. ఫారాలొస్తున్నయి గద, ఒక్కొక్కరు ఫోన్లు వద్దంటున్నరు."

"ఎవడు వద్దన్నది?"

"మస్తుమంది."

"మస్తుమందైతే నువ్వు గిట్ల అన్నం కెలకవు" అంది మగ్దలీనమ్మ. "మార్కుగాడా?"

ఇవాంజెలిన్ మంచినీళ్ళ గ్లాసు అందుకుంది. చిన్నమ్మకు ఎప్పటి నుంచి తెలుసో ఆమెకు తెలియదు. మగ్దలీనమ్మ పెరుగు గిన్నె ఆమె వైపు జరిపింది.

తర్వాతి రోజుల్లో ఇవాంజెలిన్ ఒక్కొక్క ఫారం కంప్యూటరులోకి ఎక్కించింది. మార్క్‌ది మాత్రం ప్రతి సాయంత్రం కట్ట అడుగుకు పోయేది. జూన్ ఒకటి అని కొట్టగానే నవంబరు ఇరవై నాలుగు పోతుంది. అది పోయాక ఆ తేదీన అతను పుట్టాడని ఎక్కడా ఉండదు. అతనే వద్దనుకున్నాక ఉంచడానికి తనెవరు? ఒక సాయంత్రం అమీర్‌పేట మెట్రోలో, మూడో రైలు కూడా వదిలేసి ప్లాట్‌ఫాం మీద నిలబడి, సెల్లు తీసింది. నంబరు చూసుకోనక్కర్లేదు, నోటికొచ్చు. ఎనిమిది అంకెలు కొట్టింది. వద్దన్న మనిషికి ఫోను చేయడం ఎలాంటిదో, ఫేబీ గ్లాసు పట్టుకుని కూర్చున్న తీరు చూశాక ఆమెకు ఇంకెవరూ చెప్పక్కర్లేదు. అంకెలు చెరిపేసి వచ్చిన రైలెక్కింది.

నవంబరు ఇరవై నాలుగు మంగళవారం వచ్చింది. పొద్దున తల దువ్వుకుంటుంటే మంచం మీద నుంచి మగ్దలీనమ్మ అడిగింది.

"ఇయ్యాల్నేనా చిలకమ్మ కొడుకుది?"

"ఊఁ."

"ఫోను చేస్తున్నవా?"

"వద్దని రాసిండు చిన్నమ్మా. నేను ఎట్ల చేస్త?"

"ఫోను వద్దన్నడు. రావద్దన్నడా?"

ఇవాంజెలిన్ దువ్వెన ఆపింది.

"గా ఫారంల రావద్దని ఉందా, లేదా?"

"గట్లాంటి గడి లేదు."

"లేకపోతే పో. పంజాగుట్ట ఏమన్న లండనా? వద్దంటే వాని నోటితోనే అంటడు. ఇరవై ఐదేండ్ల సంది ఆఫీసు ఫోను పట్టుకొని ఏలాడుతున్నవ్. జర నీ కాళ్ళతోని నడువు."

ఆఫీసులో ఆ రోజు చేయాల్సిన ఫోన్లు రెండే. చేసింది. పాస్టరు గారు ప్రార్థన ముగించి రిసీవరు తిరిగి ఇస్తూ, "అయిపోయాయామ్మా?" అన్నారు. అయిపోయాయంది. భోజనం వేళకు గంటసేపు బయటికి వెళ్తానని చెప్పి, మెట్రో ఎక్కి, తర్వాతి స్టేషనులో దిగింది.

డయాగ్నొస్టిక్ సెంటరు హాలు మనుషులతో నిండి ఉంది. ఎక్స్‌రే గది బయట బెంచీ మీద చోటు దొరికింది. ఒక పక్కన చెయ్యి కట్టుకున్న కుర్రాడు, ఇంకో పక్కన కేసరి బాత్ డబ్బా పట్టుకున్న ముసలావిడ. కౌంటరులో రవళి అని పేరు బిళ్ళ పెట్టుకున్న అమ్మాయి తలెత్తింది.

"మేడం, టోకెన్ తీసుకున్నరా?"

"లేదమ్మా."

"ఏ పార్టు? ఛాతీయా, మోకాలా?"

"నాకేం లేదు. మార్క్ గారితోని మాట్లాడాలె."

"సార్ బిజీ ఉన్నరు మేడం. ఎక్స్‌రే లేకుండ లోపలికి పంపరు."

"పంపొద్దు. నేను కూసుంట."

చెయ్యి కట్టుకున్న కుర్రాడు లోపలికి వెళ్ళాడు, వచ్చాడు. కేసరి బాత్ ముసలావిడ వెళ్ళింది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా లోపల నుంచి "ఊపిరి బిగపట్టండి... వదలండి" అని అతని గొంతు వినపడుతోంది. ఫోనులో ఏడాదికోసారి వెనక వినపడే సందడి ఇదేనని ఇవాంజెలిన్‌కు అప్పుడు తెలిసింది. ఆ బెంచీ మీద ఆమెకు భయం వేసింది. ఇన్నేళ్ళూ ఆఫీసు పేరు చెప్పుకుని మాట్లాడింది. ఇప్పుడు ఆఫీసు పంపలేదు. ఎందుకొచ్చారని అడిగితే చెప్పడానికి చర్చి పని ఏదీ లేదు. లేచిపోదామనుకుంది.

తలుపు తీసుకుని మార్క్ బయటికి వచ్చాడు. మెడ నుంచి మోకాళ్ళ దాకా, ఎక్స్‌రే కిరణాలు తగలకుండా వేసుకునే సీసం కోటు. జుట్టు సగం నెరిసింది. ఆమెను చూసి ఆగాడు.

"ఇవా? ఏమైంది? చిన్నమ్మకు ఏమన్న..."

"ఎవ్వరికీ ఏం కాలే."

"మరి? నీకా?"

"నాకు సుత ఏం కాలే" అంది. గొంతు ఆఫీసు గొంతులా రావడం లేదు. "ఇయ్యాల మీ పుట్టినరోజు."

మార్క్ కౌంటరు వైపు చూశాడు. రవళి కంప్యూటరులోకి చూస్తున్నట్టు కూర్చుంది. అతను ఇవాంజెలిన్‌ను నీళ్ళ డబ్బా ఉన్న మూలకు పిలిచాడు.

"పొద్దుగాల సంది ఫోను చూస్తనే ఉన్న" అన్నాడు. "రాలే. ఎప్పుడు సుత పదకొండు లోపల వస్తుండె. మీ పాస్టరు మారిండేమో అనుకున్న."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. "వద్దని మీరే రాసిండ్రు గద!"

"నేనెప్పుడు రాసిన?"

"ఫారంల. టిక్కు పెట్టలే. నంబరు కాడ గీత కొట్టిండ్రు. జూన్ అని రాసిండ్రు."

"జూన్ అంటే, ఆధార్ల ఉన్నట్టు రాయమని ఉంది దాంట్ల. రాసిన. నంబరంటే... మీ దగ్గరున్నది ఈ డ్యూటీ ఫోను. సెంటరోళ్ళది. బయట ఎవ్వరికీ ఇయ్యొద్దని మేనేజరు కాయితం అంటించిండు. అందుకే గీత కొట్టిన. నంబరే లేనప్పుడు ఫోనుకు టిక్కు ఎట్ల పెడతరు?"

"మరి ఫోను వస్తదని ఎట్ల చూసిండ్రు?"

మార్క్ సీసం కోటు పట్టీ సర్దుకున్నాడు. "ఏమో. ఎప్పుడూ వస్తది గద. పాత నంబరు మీ దగ్గర ఉంటది, చేస్తరు అనుకున్న. కాయితం వేరు, ఇది వేరు అనుకున్న."

"కాయితం ఏదుంటే అదే ఇప్పుడు" అంది ఇవాంజెలిన్. "సొంత నంబరన్న రాయకపోతిరి."

"రాద్దామనే కూసున్న. ఫేబమ్మకు ప్లాట్లోళ్ళు ఫోన్లు చేసిన సంగతి మా తోడల్లుడు చెప్పిండు. దాని కోసమే ఆలోచించిన." ఆగి, గొంతు తగ్గించాడు. "ఫారంల ఆఫీసుకు అని ఉంది ఇవా. ఆఫీసుకు ఇయ్యబుద్ధి కాలే. నీకు అని ఎక్కడా లేదు."

నీళ్ళ డబ్బా దగ్గరకు ఎవరో కప్పు నింపుకోవడానికి వస్తే ఇద్దరూ పక్కకు జరిగారు.

"నాకు కావాలె" అంది ఇవాంజెలిన్. "ఆఫీసుకు కాదు. ఆఫీసుల రాయను. నాకు."

"దేనికి?"

అడగాల్సిన మాటే అడిగాడు. దేనికి వాడతారో చెప్పి తీసుకోవాలని నాలుగు నెలలుగా ఆమె అందరికీ చెప్తోంది.

"పుట్టినరోజుకు."

"గంతేనా?"

ఆమె తల దించుకోలేదు. "మిగిలిన దినాలకు సుత."

కౌంటరు నుంచి రవళి, "సార్, మోకాలు వచ్చింది" అని పిలిచింది. "ఆగమను" అన్నాడు తిరిగి చూడకుండానే. అంకెలు ఒక్కొక్కటిగా చెప్పాడు. ఆమె తన సెల్లులో ఒక్కొక్కటిగా కొట్టింది. ఇది ఆమెకు నోటికి రాని నంబరు.

"డ్యూటీల ఎత్తరాదు" అన్నాడు. "పేషెంట్లు ఉంటరు. గందుకే ఎప్పుడూ సరే మరి, సరే మరి అంటుంటి. రాత్రి ఎనిమిది దాటినంక చెయ్యి. అప్పుడు ఒక్కన్నే ఉంట."

"తేదీ మార్పిస్తరా మరి? నవంబరు అని ఇంకో ఫారం ఇస్తే నోయెల్ రాసుకుంటడు."

మార్క్ ఎక్స్‌రే గది తలుపు వైపు తిరిగాడు.

"ఉండనీ. ఆఫీసుకు జూన్ చాలు."

లోపలికి వెళ్ళాడు. తలుపు మూసుకుంది. ఇవాంజెలిన్ మెట్రోలో నిలబడే వచ్చింది, సీటు ఖాళీ ఉన్నా. చర్చి ఆఫీసుకు చేరేసరికి రెండున్నర అయింది. నోయెల్ కోర్టు నుంచి వచ్చి, ఎదురు కుర్చీలో కూర్చుని మిగిలిన ఫారాలు చూస్తున్నాడు.

"అక్కా, అన్నీ ఎక్కినయి. ఇదొక్కటే అడుగున ఉండిపోయింది. మార్క్ అని. జూన్ ఒకటి, ఫోను వద్దు. ఇది సుత చేసేస్తే నెలాఖరు దాకా ఆగేది లేదు."

"ఇటియ్యి" అంది.

కంప్యూటరులో మార్క్ పేరు తెరిచింది. పాత నంబరు తీసేసింది. నవంబరు తీసేసి జూన్ కొట్టింది. నోయెల్ లేచి వచ్చి ఆమె భుజం మీదుగా చూసి, సరిచూసుకునేందుకు తేదీల పట్టిక తెరవమన్నాడు. తెరిచింది. నవంబరు ఇరవై నాలుగు కింద పొద్దున ముగ్గురుండేవారు, ఇప్పుడు ఇద్దరున్నారు.